తాత పోయిన తర్వాతి వీధి: పిల్లల కథలో చావును ఎలా చెప్పాలి

ముందుగా మీ ప్రశ్నను, తర్వాత చదివేవారి కోసం, క్లుప్తంగా చెబుతాను. మీరు చెన్నైలో అయనావరంలో ఉంటారు, పిల్లలకు కథలు రాస్తారు. ఐ.సి.ఎఫ్. అనే రైలు పెట్టెల కర్మాగారంలో పనిచేసి రిటైరైన మీ నాన్నగారు ఐదు నెలల క్రితం పోయారు. పొద్దున్నే నాలుగిళ్ళకు పాల ప్యాకెట్లు తెచ్చిపెట్టడం, మెట్రో వాటర్ లారీ మలుపు తిరగగానే వీధంతా వినబడేలా కేకవేయడం, ఇరుగుపొరుగువారికి ఫారాలు నింపిపెట్టడం ఆయనకు రోజూ ఉండే పనులు. ఆయననూ ఆ వీధినీ కలిపి ఆరు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల కోసం మీరు రాసిన కథలో తాత చివరికి నక్షత్రమవుతాడు, మనవడు ఆయన పేరున ఒక మొక్క నాటుతాడు. దాన్ని చదివిన సంపాదకులొకరు ఈ వయసుకు చావు వద్దనీ, తాతను ఊరికి పంపేస్తే సరిపోతుందనీ అన్నారు. ఈ వయసు పిల్లలకు చావు చెప్పవచ్చునా, తమిళం మాట్లాడే వీధిని తెలుగు కథలోకి ఎలా తేవాలి, ఇంటివాళ్ళనూ పొరుగువాళ్ళనూ కథలో పెట్టవచ్చునా, ఇంత త్వరగా రాయడం సబబేనా అన్నవి మీ సందేహాలు.

మొదటిదానికి జవాబు సూటిగానే చెబుతాను. చెప్పవచ్చు, తాతను ఊరికి పంపవద్దు. అయితే నక్షత్రాన్నీ మొక్కనూ కూడా తీసేయండి. మీరు ఇచ్చిన సారాంశం చూస్తే కథకున్న బలమంతా మొదటి సగంలో, అంటే ఆయన బతికున్నప్పటి వీధిలో ఉంది. ఆయన పోగానే కథ ఆ వీధిని వదిలేసి ఆకాశంలోకి వెళ్ళిపోయింది. ఆయన పోయాక కూడా మీరు అదే వీధిలో నిలబడి, ఆయన చేసే ఒక్కొక్క పనీ ఏమైందో ఓపికగా చూడగలిగితే మీకు పుస్తకం దొరుకుతుంది.

పిల్లలకు చావు వద్దన్న మాట తెలుగు సంపాదకుల నోట వింటే నాకు కొంచెం నవ్వొస్తుంది. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల ‘బాల’, 1947 జూలైలో ‘చందమామ’ ఈ మద్రాసులోనే పుట్టాయి. భుజాన శవాన్ని వేసుకొని మౌనంగా శ్మశానం వైపు నడిచే రాజు కథను నెలనెలా ఎదురుచూసి చదివిన తరాలు మనవి. మన జానపద కథల్లో సగం ‘ఒక ఊళ్ళో ఒక రైతు ఉండేవాడు, అతను చనిపోతూ ముగ్గురు కొడుకులనూ పిలిచి’ అనే మొదలవుతాయి. కాబట్టి చావు మన పిల్లల కథల్లో ఎప్పుడూ ఉంది. లేనిది మరొకటి. ఆ రైతు పోయాక ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ వెలితిగా అనిపించదు; ఆస్తి పంపకానికో, కొడుకుల తెలివికి పరీక్ష పెట్టడానికో ఆయన చనిపోతాడు, కథ ముందుకు వెళ్ళిపోతుంది. చనిపోయిన మనిషి మర్నాడు ఏ పనికి కనబడలేదో, ఆ తర్వాతి వారం ఎవరెవరికి ఎలా గుర్తొచ్చాడో చెప్పే కథలు మనకు చాలా తక్కువ. మీరు రాయదలచుకున్నది ఆ తక్కువగా ఉన్న రకం కథే.

ఇక పిల్లలకు చావు ఏ మేరకు అర్థమవుతుందన్న సంగతి. దీని మీద జరిగిన తొలి అధ్యయనాల్లో ఒకటైన మరియా నాగీ పని 1948లో వెలువడింది. ఆమె బుడాపెస్టులో మూడు నుంచి పదేళ్ళ వయసున్న పిల్లలతో మాట్లాడి, ఐదేళ్ళ లోపువారు చావును ఒక ప్రయాణంగానో నిద్రగానో ఊహించుకుంటారని గమనించారు. 1984లో స్పీస్, బ్రెంట్ అనే ఇద్దరు పరిశోధకులు అంతవరకు వచ్చిన అధ్యయనాలను ఒకచోట పెట్టి చూసి, పిల్లల అవగాహనలో ముఖ్యంగా మూడు సంగతులుంటాయన్నారు: చనిపోయినవారు తిరిగి రారు, వారి శరీరం చేసే పనులన్నీ ఆగిపోతాయి, ప్రాణమున్నదేదైనా ఎప్పుడో ఒకప్పుడు చనిపోతుంది. చాలామంది పిల్లలకు ఈ మూడూ ఐదు నుంచి ఏడేళ్ళ మధ్య అందుతాయి. అంటే మీ పాఠకుల్లో చిన్నవారు ఆ అవగాహనకు అప్పుడప్పుడే వస్తున్నవారు, పెద్దవారు ఇదివరకే వచ్చినవారు. ఈ ఇద్దరికీ ఒకే పుస్తకం పనికి రావాలంటే అందులో తాత ఎక్కడికో వెళ్ళినట్టు రాయడం కుదరదు. ఊరికి వెళ్ళిన మనిషి సెంట్రల్ స్టేషన్‌లో దిగి, సంచీతో ఇంటికి తిరిగి రావడం వాళ్ళు ఎన్నోసార్లు చూసి ఉంటారు. చిన్నవాడు ఎదురుచూస్తూనే ఉంటాడు. పెద్దవాడికి మీరు అబద్ధం చెబుతున్నారని తెలిసిపోతుంది. నిద్రపోయాడని చెప్పడం మరీ ప్రమాదం, ఎందుకంటే ఆ రాత్రి ఆ పిల్లవాడూ, వాడి అమ్మానాన్నలూ నిద్రపోవలసి ఉంటుంది.

ఆ మూడింటిలో రెండోది, అంటే శరీరం పనులు ఆగిపోవడం, కథకులు సాధారణంగా వదిలేస్తారు. మీరు మాత్రం వదలకండి. చెన్నైలో ఇప్పుడు దగ్గరివాళ్ళు వచ్చేవరకు మనిషిని అద్దాల మూత ఉన్న ఫ్రీజర్ బాక్సులో ఉంచుతున్నారు. పెద్దలందరూ ముఖం చూసి ఏడుస్తుంటే పిల్లవాడు ఆ అద్దం మీద చేతులు పెట్టి, లోపల తాతకు చలేస్తుందేమోనని బెంగపడతాడు. ఇంట్లో ఎవరికీ ఆ ప్రశ్నకు తీరిక ఉండదు. మీ కథలో ఒక మనిషికి తీరిక కల్పించి, ‘తాత చనిపోయాడు నాన్నా. ఆయన ఒంటికి ఇక చలి తెలియదు, ఆకలి తెలియదు, నొప్పి తెలియదు’ అని చెప్పించండి. ఆ ఒక్క జవాబుతో పిల్లవాడి భయంలో పెద్ద భాగం తగ్గుతుంది, చావంటే ఏమిటో కూడా చెప్పినట్టవుతుంది. ఇక నమ్మకాల విషయం. స్వర్గమనో, దేవుడి దగ్గరికి వెళ్ళాడనో అమ్మమ్మ అనుకుంటే ఆ మాట అమ్మమ్మ నోటితోనే రానివ్వండి, అది ఆమె నమ్మకంగా ఉంటుంది. కథ చెప్పే గొంతు మాత్రం చనిపోయాడనే అనాలి. నక్షత్రంతో నాకున్న పేచీ ఇక్కడే: మీ కథలో ఆ మాట అన్నది ఏ పాత్రా కాదు, రచయిత్రి. పైగా మన చెన్నై వీధి దీపాల కింద నిలబడి నక్షత్రం వెతుక్కోమంటే ఆ పిల్లవాడికి దొరకడం కూడా కష్టమే.

మీ సంపాదకులు మరచిపోయిన విషయం మరొకటుంది. చెన్నై వీధిలో పెరిగే పిల్లలకు చావు కొత్త కాదు. వాళ్ళు పలక డప్పుల మోత విన్నారు, బడికి వెళ్ళే దారంతా చల్లిన బంతిపూలూ గులాబీ రేకులూ తొక్కకుండా దాటారు, మలుపులో ‘కన్నీర్ అంజలి’ అని రాసిన ఫ్లెక్సీ మీద తెలిసిన ముఖాన్ని గుర్తుపట్టారు, వీధికి అడ్డంగా వేసిన షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల మధ్య దాగుడుమూతలు ఆడారు. వాళ్ళకు తెలియనిదల్లా ఇదంతా తమ ఇంటి గడప దగ్గరికి వస్తే ఎలా ఉంటుందన్నది. అందులోనూ చాలా తెలుగు ఇళ్ళలో డప్పులుండవు, టపాకాయలుండవు. ‘ఎదురింటి తాతకు డప్పులు కొట్టారు కదా, మా తాతకు ఎందుకు కొట్టలేదు, ఆయనంటే ఎవరికీ ఇష్టం లేదా’ అని మీ కథలో పిల్లవాడు అడగవచ్చు. రెండు భాషల వీధిలో పెరిగిన పిల్లవాడికి సహజంగా వచ్చే ప్రశ్న అది, దానికి జవాబు వెతకడంలోనే ఒక పేజీ నడుస్తుంది.

ఇప్పుడు కథ నిర్మాణం గురించి కాస్త ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే మీకు అసలు కావలసింది ఇదేనని నాకు అనిపిస్తోంది. రాజుగారి ఏడు చేపల కథ మనందరికీ నోటికొచ్చు. ఒక చేప ఎండలేదు. ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపు ఎందుకు అడ్డమొచ్చిందంటే ఆవు మేయలేదు. అలా గొలుసు చీమ దాకా సాగుతుంది. చిన్న పిల్లలకు ఈ గొలుసు నడక ఎంత ఇష్టమో మీకు తెలుసు. ఒక మనిషి లేకపోవడం వీధిలో ఎలా పాకుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి అల్లిక మన భాషలో నాకు కనబడలేదు. మేడ మీది ఇంట్లో ఆ రోజు కాఫీ ఎవరికీ నచ్చలేదు. ఎందుకు నచ్చలేదంటే పచ్చ ఆవిన్ పాల ప్యాకెట్ రావలసిన ఇంటికి నీలం ప్యాకెట్ వచ్చింది. ఎందుకు వచ్చిందంటే బూత్ నుంచి తెచ్చినవాళ్ళకు ఎవరికి ఏ రంగో తెలియదు. కింది ఇంట్లో అక్క కాలేజీకి ఆలస్యంగా వెళ్ళింది. ఎందుకంటే బిందెలు నిండలేదు. ఎందుకు నిండలేదంటే లారీ వచ్చిన సంగతి ఎవరూ చెప్పలేదు. పిల్లవాడు ఒక్కో గుమ్మం దగ్గరికి వెళ్ళి అడుగుతూ ఉంటే, ప్రతి గొలుసూ చివరికి తన ఇంటికే వచ్చి ఆగుతుంది.

ఇక్కడ ఒక తేడాను మీరు జాగ్రత్తగా వాడుకోవాలి. చేపల కథలో చివర చీమ దొరుకుతుంది, దాని దగ్గర ఒక కారణం ఉంటుంది, పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది, అందరూ నవ్వుతారు. మీ గొలుసు చివర అలాంటి చీమ ఉండదు. తాత గుండె ఆగిపోయింది. అందులో ఎవరి తప్పూ లేదు. చావు జరిగిన ఇంట్లో ఈ వయసు పిల్లలు చాలామంది లోలోపల తామే కారణమనుకుంటారు: ముందురోజు తాత మాట వినలేదు, చదువుకోమంటే ‘నువ్వు పో’ అని విసుక్కున్నారు, అందుకే పోయాడు. ఈ సంగతి పైకి చెప్పరు. కాబట్టి గొలుసు నడుస్తున్నంతసేపూ పిల్లవాడు కారణం కోసం వెతుకుతున్నట్టు కనబడుతూ, నిజానికి ఆ కారణం తనేనేమోనన్న భయంతో తిరుగుతున్నాడని మీకు తెలిసి ఉండాలి. చివర ఎవరో ఒకరు, అమ్మ అయితే మంచిది, ‘నువ్వు అన్న మాట వల్ల ఎవరూ చనిపోరు’ అని స్పష్టంగా చెప్పాలి. కథ మొత్తంలో ఓదార్పు మాట అదొక్కటి చాలు.

రెండో సగంలో పనులు చేతులు మారాలి, అదీ తప్పులతడకగా మారాలి. ఇస్త్రీ బండి అతను లారీని చూసి కేకవేస్తాడు కానీ అప్పటికే సగం నీళ్ళు అయిపోతాయి. పాల ప్యాకెట్లు తేవడానికి మేడ మీది అన్న ఒప్పుకుంటాడు, ఆదివారం నిద్ర లేవడు. పిల్లవాడు నాలుగిళ్ళ రంగులూ కాగితం మీద రాసి పెడతాడు, అందులోనూ ఒకటి తప్పు. ఈ తప్పులే కథకు నవ్వు తెస్తాయి, ఆ నవ్వు ఉండాలి. అయితే అన్ని పనులనూ ఎవరో ఒకరు అందుకున్నట్టు ముగించవద్దని నా గట్టి సలహా. ఒక పనిని అలాగే వదిలేయండి. ఫారాలు నింపేవాళ్ళు ఎవరూ దొరకక, ఆ కాగితం పట్టుకొని వచ్చిన మనిషి మీ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగి వెళ్ళినా చాలు. అన్నీ సర్దుకున్నాయని చెప్పే కథను తాత పోయిన పిల్లలు నమ్మరు.

ముగ్గు సంగతి మీ సారాంశంలో లేదు, ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు ఉండదు. ఆ వీధిలో తెలుగువారైనా తమిళులైనా ఉదయం నడుస్తూ ఆ ఖాళీ వాకిలి చూసి సంగతి గ్రహిస్తారు, గొంతు తగ్గిస్తారు. పిల్లవాడి ఎత్తు నుంచి చూస్తే వీధిలో అన్నిటికంటే స్పష్టంగా కనిపించే మార్పు అదే, బొమ్మలు వేసేవారికి కూడా మాటల్లేకుండా పది పేజీల్లో చూపించగల విషయం. ఏ పేజీలో ముగ్గు మళ్ళీ వస్తుందో నిర్ణయించుకోండి, దాని గురించి కథలో ఒక్క వాక్యం కూడా రాయకండి.

దహనానికి పిల్లవాడిని తీసుకెళ్ళకపోతే కథ కూడా అక్కడికి వెళ్ళకూడదు. మన ఇళ్ళలో ఎక్కువగా జరిగేది, పిల్లలను పక్కింట్లో కూర్చోబెట్టడం. రచయితలు ఆ గంటను ‘వాడిని పక్కింట్లో ఉంచారు’ అని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నా ఉద్దేశంలో మీ పుస్తకానికి గుండెకాయ అక్కడుంది. పక్కింటి మామి ఇడ్లీ పెడుతుంది, టీవీ పెట్టాలా వద్దా అని తటపటాయిస్తుంది, చివరికి శబ్దం లేకుండా పెడుతుంది. కిటికీలోంచి తమ ఇంటి ముందు చెప్పుల కుప్ప కనిపిస్తుంది, పిల్లవాడు అందులో తాత చెప్పుల కోసం వెతుకుతాడు. మామి కొడుకు క్యారమ్ బోర్డు తీస్తాడు. పిల్లవాడు ఆడతాడు, గెలుస్తాడు, గట్టిగా నవ్వుతాడు, నవ్వినందుకు మామి ముఖం వైపు చూస్తాడు. పిల్లల దుఃఖం పెద్దలకు ఉన్నట్టు ఏకధాటిగా సాగదు. కాసేపు ఏడుస్తారు, కాసేపు మురుకులు అడుగుతారు, క్రికెట్ ఆడి వచ్చి మళ్ళీ ‘తాత ఎప్పుడొస్తాడు’ అంటారు. ఇది చదివి మనవడికి ప్రేమ లేనట్టుందని ఎవరైనా అంటే పట్టించుకోకండి. అడిగిన ప్రశ్ననే మళ్ళీ మళ్ళీ అడగనివ్వండి, ప్రతిసారీ అదే జవాబు ఇప్పించండి.

కర్మకాండల గురించి తక్కువగా రాయండి. పదో రోజూ పదకొండో రోజూ ఏం జరుగుతుందో ఇంటింటికీ తేడా ఉంటుంది, మీ వీధిలో పదహారో రోజు చేసేవారూ ఉంటారు. ఏ ఒక్క పద్ధతిని వివరంగా చూపినా మిగతా పిల్లలకు అది తమ ఇల్లు కాదనిపిస్తుంది. కాకికి అన్నం పెట్టి అది ముట్టేదాకా పెద్దలందరూ ఊపిరి బిగబట్టి నిలబడిన దృశ్యం మాత్రం ఏ పిల్లవాడూ మరవడు. ఉంచదలచుకుంటే అదొక్కటి ఉంచండి.

భాష విషయంలో మీరు అనవసరంగా భయపడుతున్నారు. కథ తెలుగులోనే చెప్పండి, పిల్లవాడు రోజూ వాడే తమిళ మాటలు నాలుగైదు అలాగే ఉంచండి: ‘తణ్ణి లారీ’ అని కేక వినబడగానే ఎవరికైనా అర్థమవుతుంది, పక్కింటావిడను ‘మామి’ అన్నాక ఇంకేమీ చెప్పనక్కర్లేదు. పేజీ అడుగున అర్థాలు పెట్టవద్దు. ఒక్క విషయం చూసుకోండి: మీ కథలో తెలుగు మాట్లాడేవారంతా మీ ఇంటివారే, తమిళం మాట్లాడేవారంతా బయటివారే అన్నట్టుగా ఉంది. చెన్నై అలా లేదు. పొంగలి రోజుల్లో వచ్చే గంగిరెద్దులవాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. నగర పారిశుద్ధ్య కార్మికుల్లో తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మీ నాన్నగారు తెల్లవారుజామున వీధిలో ఎవరితో తెలుగులో మాట్లాడేవారో గుర్తుచేసుకోండి. ఆయన కోసం ఏడ్చినవారిలో మీ ఇంట్లోకి ఎప్పుడూ అడుగుపెట్టనివారు ఉండి ఉంటారు.

భాషతోనే ముడిపడిన మరో సంగతి ఉంది. తమిళనాడులో 2006 నాటి చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఆ తర్వాతి పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. కాబట్టి ఇక్కడ మీ పుస్తకాన్ని పిల్లవాడు చదవడు, ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. ఆ చదివేది అమ్మమ్మో నాన్నమ్మో అయ్యే అవకాశమే ఎక్కువ, పోయిన తాత ఆమెకు భర్త. చావు చెప్పే వాక్యం పొడవుగా, అలంకారాలతో ఉంటే ఆమె గొంతు మధ్యలో ఆగిపోతుంది. అందుకని ఆ వాక్యాన్ని మూడు నాలుగు మాటల్లో ముగించి, పేజీలో చివర పెట్టండి. ఆమె పేజీ తిప్పుతూ ఊపిరి తీసుకోవాలి. బొమ్మల పుస్తకాలు ఎనిమిది గుణిజాల్లో, 16, 24 లేదా 32 పేజీలతో అచ్చవుతాయి కనుక ఏ వాక్యం ఏ పేజీ చివర పడుతుందో ముందే కాగితాలు మడిచి చూసుకోవచ్చు. గట్టిగా చదివి చూడకుండా ఈ కథను ఎవరికీ పంపవద్దు.

ఇంటివాళ్ళ విషయానికి వస్తే, మీ అమ్మగారు ఒప్పుకోకపోతే ఇప్పట్లో అచ్చు వేయకండి. మిగతా బంధువులకు తెలియజేస్తే చాలు, అందరి అనుమతీ అక్కర్లేదు. అన్నదమ్ముల్లో ఒకరు ‘నాన్న అలా కాదు’ అని తప్పకుండా అంటారు. అనాలి కూడా, ఎందుకంటే ప్రతి ఒక్కరికీ ఒక్కో నాన్న. పొరుగువాళ్ళను ఉన్నవాళ్ళను ఉన్నట్టు పెట్టకండి. ఇద్దరిని కలిపి ఒకరిని చేయండి, ఇంటి అంతస్తు మార్చండి, వృత్తి మార్చండి. పాల రంగు తప్పుగా తెచ్చిన అన్న ఎవరో వీధిలో అందరూ ఇట్టే పోల్చుకుంటే పుస్తకం వచ్చాక మీరే ఇబ్బంది పడతారు.

ఇంత త్వరగా రాయవచ్చునా అన్నదానికి నాది రెండు రకాల జవాబు. వివరాలు ఇప్పుడే రాసిపెట్టుకోండి: ఆయన కేక ఎలా ఉండేది, ఏ ఇంటి గేటు ఎలా చప్పుడు చేస్తే ఆయన వచ్చారని తెలిసేది, ప్యాకెట్లు ఏ సంచీలో తెచ్చేవారు, చిల్లర ఏ జేబులో వేసుకునేవారు. సంవత్సరీకం నాటికి ఇందులో కొంత మీకే అనుమానంగా మారుతుంది. ముగింపు మాత్రం ఇప్పుడు రాయకండి. నక్షత్రమూ మొక్కా మీ కథలోకి వచ్చింది పిల్లవాడి కోసం కాదని నా అభిప్రాయం. ఐదు నెలలకే ఏదో ఒక ఊరట దొరకాలని మీకు అనిపించింది, అందులో తప్పు లేదు, కానీ అది మీ అవసరం. కలలో తాత కనబడటం, ఆయన కళ్ళజోడు, చేతికర్ర, కొత్తగా పుట్టిన పాప, ఇవన్నీ కూడా ఆ వరుసలో ముందుగా తోసుకొచ్చేవే. రాగానే పక్కన పెట్టండి.

మీ ఏడేళ్ళ అబ్బాయి ఇప్పటికీ ఒంటరిగా పడుకోవడం లేదని ప్రశ్న చివర ఒక మాట రాశారు. తాత పోయిన తర్వాత కొన్నాళ్ళు ఇలా ఉండటం మామూలే. అయితే నిద్ర, తిండి, బడి మూడూ దెబ్బతిని అలాగే సాగుతుంటే పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరులో ఫోన్ చేస్తే తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడవచ్చు. ఈ పుస్తకాన్ని వాడికి మందుగా వాడకండి.

అందుకే కథ పూర్తయ్యాక మొదట వినిపించవలసింది మీ అబ్బాయికి కాదు. మీ నాన్నగారిని ఎన్నడూ చూడని నలుగురైదుగురు పిల్లలను, వేరే వీధివాళ్ళను కూర్చోబెట్టి ఎవరితోనైనా చదివించండి, మీరు పక్కన ఉండి వాళ్ళను గమనించండి. ‘మరి రేపు పాలు ఎవరు తెస్తారు’ అని మధ్యలో అడ్డుతగిలితే ఆ భాగం బాగుందని అర్థం, దాన్ని ముట్టుకోకండి. వాళ్ళు పుస్తకం వదిలి చదువుతున్న మనిషి ముఖం వైపు చూసిన చోట మాత్రం పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. అక్కడి వాక్యాలు చాలావరకు మీ దుఃఖానికి చెందినవై ఉంటాయి. వాటిని కథలోంచి తీసి మీ నోటుపుస్తకంలోకి మార్చండి, పెద్దల కోసం ఎప్పుడైనా రాస్తే అప్పుడు పనికొస్తాయి.